6 & 4 == 4 విలువ సున్నా ఎందుకు?

సి అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకుంటున్న ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "6 & 4 == 4 అని రాస్తే 1 రావాలి కదా, 0 వస్తోంది. నా కంప్యూటర్‌లో ఏమైనా లోపం ఉందా?" లేదు. ఆమె ఆలోచనలోనూ లేదు. ఆ లోపం 1970ల మొదట్లో, సి పుట్టిన అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లోనే పుట్టింది. దిద్దే అవకాశం దొరికినా అక్కడివాళ్లు వదిలేశారు.

కూడిక, తీసివేత, గుణకారం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పూర్ణాంకాలను భాగిస్తే పూర్ణాంకమే వస్తుంది: 7 / 2 అంటే 3. శేషం కావాలంటే 7 % 2 అని అడగాలి. = విలువను పెడుతుంది, == రెండు విలువలను పోల్చి, సమానమైతే 1, కాకపోతే 0 ఇస్తుంది. సిలో మొదట నిజానికీ అబద్ధానికీ వేరే రకమంటూ లేదు. సున్నా అబద్ధం, తక్కినవన్నీ నిజం. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

& గుర్తు రెండు సంఖ్యలను బిట్ల (0, 1 అంకెల) వారీగా చూస్తుంది. ద్విసంఖ్యామానంలో 6 అంటే 110, 4 అంటే 100. రెండింటిలోనూ 1 ఉన్న చోటే ఫలితంలో 1 మిగులుతుంది కాబట్టి 6 & 4 అంటే 100, అంటే 4. ఇది ఉత్త కసరత్తు కాదు. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంలో ఫైలును చదివే అనుమతికి 4, రాసే అనుమతికి 2, నడిపే అనుమతికి 1. అంటే 6 ఉన్నవారు చదవగలరు, రాయగలరు, నడపలేరు. పాఠకురాలు అడగదలచుకున్నది "చదివే అనుమతి ఉందా?" అని.

&& బిట్ల జోలికి పోదు. రెండు వైపులా ఉన్నవి సున్నా కాకపోతే చాలు, 1 అంటుంది. అందుకే 1 && 2 విలువ 1, 1 & 2 విలువ 0. పైగా ఎడమవైపు సున్నా అని తేలగానే && కుడివైపు తొంగి కూడా చూడదు. భాజకం సున్నా కాదని ఎడమవైపు నిర్ధారించుకుని కుడివైపు ధైర్యంగా భాగించవచ్చు. అక్కడ & పెడితే రెండు వైపులా లెక్కగడుతుంది, సున్నాతో భాగించబోయి ప్రోగ్రాం కూలిపోవచ్చు.

సికి ముందు కెన్ థాంప్సన్ చేసిన బి భాష ఉండేది. అందులో && లేదు, &దే ద్విపాత్రాభినయం. షరతులో కనిపిస్తే నేటి && పని, మిగతా చోట్ల బిట్ల పని. షరతుల్లో "ఇది దీనికి సమానం & అది దానికి సమానం" అని బ్రాకెట్లు లేకుండా రాయాలంటే ముందు == జరగాలి, తరువాతే &. అందుకే ప్రాధాన్య క్రమంలో (ఏది ముందు జరగాలో చెప్పే వరుసలో) &ను == కింద కూర్చోబెట్టారు. అప్పటికి అది సబబే.

తరువాత అలన్ స్నైడర్ సూచనతో సి సృష్టికర్త డెన్నిస్ రిచీ సిలో &&ను వేరుచేశాడు. ఇక &కు మిగిలింది బిట్ల లెక్క ఒక్కటే కనుక దాన్ని == పైకి ఎక్కించాల్సింది. అలా చేస్తే అప్పటికే రాసిన ప్రోగ్రాముల అర్థం మారిపోతుందని ఆగిపోయాడు. ఎన్ని ప్రోగ్రాములు? 1982లో రిచీయే చమత్కారంగా చెప్పిన లెక్క ప్రకారం కొన్ని వందల కిలోబైట్ల కోడ్, దాన్ని వాడుతున్నది బహుశా మూడు చోట్ల!

దాని ఫలితం చూడండి. 6 & 4 == 4లో ముందు 4 == 4 జరిగి 1 వస్తుంది, తరువాత 6 & 1. అంటే 110, 001. జవాబు సున్నా. 7తో ప్రయత్నిస్తే 1 వస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ 3 & 4 == 4 కూడా 1 అంటుంది, 3కు చదివే అనుమతే లేదు! ఈ వాక్యం నిజానికి చివరి బిట్‌ను, అంటే నడిపే అనుమతిని పరీక్షిస్తోంది. కొన్ని సంఖ్యలకు ఒప్పు జవాబు వస్తుంది కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి దొరక్కుండా దాక్కోగలదు. (6 & 4) == 4 అని బ్రాకెట్లు పెడితే సరి.

ఇలాంటి గుర్తుల (ఆపరేటర్ల) చుట్టూ మూఢనమ్మకాలూ తక్కువేమీ కాదు. పీడీపీ-11 అనే పాత కంప్యూటర్‌లోని సదుపాయాన్ని చూసి, చలరాశి విలువను ఒకటి పెంచే ++ను కనిపెట్టారని చాలామంది చెబుతారు. థాంప్సన్ బిలో ++ పెట్టేనాటికి పీడీపీ-11 ఇంకా రానేలేదు. ఒకే చలరాశికి ఒకే వాక్యంలో ముందొక ++, వెనకొక ++ తగిలించి కూడి "జవాబెంత?" అని అడిగే పరీక్షలంటే నాకు ఒళ్లు మండుతుంది. దానికి ఏ ఫలితమూ సి ప్రమాణం నిర్వచించలేదు. కంపైలర్ (ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) ఏది ఇచ్చినా చెల్లుతుంది, మరి మార్కులు దేనికి వేస్తారు?

రిచీ కదపని ఆ వరుసే సి++, జావా, జావాస్క్రిప్ట్‌లకు సంక్రమించింది. జావా మాత్రం సంఖ్యకూ నిజం-అబద్ధాలకూ మధ్య &ను ఒప్పుకోదు కనుక పాఠకురాలి వాక్యాన్ని కంపైల్ చేయడానికే నిరాకరిస్తుంది. పైథాన్, గో, రస్ట్ భాషలు &ను == పైకి ఎక్కించాయి. సిలో బిట్ల మీద పనిచేసే |, ^ గుర్తులు కూడా == కిందే ఉన్నాయి, వాటికీ బ్రాకెట్లు తప్పవు. బిట్లను ఎడమకు జరిపే << మాత్రం == పైనే ఉంది, కానీ కూడిక కంటే కింద. 1 << 2 + 1 అంటే 5 అనుకుంటారు, ముందు 2 + 1 జరిగి 8 వస్తుంది.