అక్షరానికి సమీకరణం: అపోహలు - వాస్తవాలు

ఫాంట్లు తయారుచేయడం నా వృత్తి. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు లెక్కలు కూడా చెబుతుంటాను. సమీకరణం కొడితే గ్రాఫు గీసిచ్చే డెస్మాస్ అనే వెబ్‌సైట్‌లో గ్రాఫులు గీస్తూ ఓ పాప, "అంకుల్, నా పేరు రావాలంటే ఏ ఈక్వేషన్ కొట్టాలి?" అని అడిగింది. పెద్దవాళ్ళూ ఇదే అడుగుతారు.

అపోహ: ఒక అక్షరానికి ఒక సమీకరణం ఉంటుంది.

వాస్తవం: సున్న దగ్గరే ఈ మాట ఆగిపోతుంది. సున్న గీసి మధ్యగా నిలువు గీత గీస్తే రెండు చోట్ల తగులుతుంది. ప్రమేయమేమో ఒక ఎక్స్‌కి ఒక్క వై మాత్రమే ఇస్తుంది. అందుకే ఎక్స్‌నీ వైనీ టీ అనే మరో చలరాశితో విడివిడిగా చెబుతాం. టీ 0 నుంచి 1కి వెళ్తుంటే కలం కాగితం మీద నడిచినట్టే. అక్షరాన్ని ముక్కలు చేసి, ముక్కకో జత సమీకరణాలు రాస్తాం.

ఒక ముక్క చూడండి. మొదలు (0, 0), చివర (2, 0), మధ్యలో వంపును లాగే బిందువు (1, 2). ట్రూటైప్ ఫాంట్లలో వాడే, ఒక్క లాగే బిందువుతో వంపు గీసే వర్గ బెజియే సూత్రంలో వేస్తే ఎక్స్ = 2టీ, వై = 4టీ(1 − టీ). టీ సగానికి వచ్చేసరికి మనం (1, 1) దగ్గరున్నాం. వంపు 2 దాకా పోదు, సగం ఎత్తులోనే తిరిగిపోతుంది. లాగే బిందువును గీత ముట్టదంటే పిల్లలు నమ్మరు. దాన్ని వేలితో జరిపి, వంపు వెంట సాగడం చూశాక వదలరు! ఇవి కార్ల డిజైన్ కోసం పుట్టిన వంపులు: 1959లో సిట్రోయెన్‌లో ద కాస్టెల్జో, ఆ తర్వాత రెనోలో బెజియే.

అపోహ: యూనికోడ్ తెలిస్తే ఆకారం తెలిసినట్టే.

వాస్తవం: యూనికోడ్ ఇచ్చేది నంబరు, ఆకారం ఫాంట్‌లో ఉంటుంది. "స్త్రీ"లో ఆరు కోడ్‌లున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. మొదట్లో కోడ్‌కో ఆకారం చొప్పున గీయించాను. ఒత్తులు రాలేదు, స, త, ర పక్కపక్కన నిలబడ్డాయి. ఆ రాత్రంతా టెన్షన్‌తో సమీకరణాలు సరిచూశాను, తప్పు వాటిలో లేదు. ఇప్పుడు ముందు షేపింగ్ (కోడ్‌ల వరుసను చూసి ఫాంట్‌లోంచి సరైన ఆకారాలు ఎంచి అమర్చడం) చేయించి, ఒత్తులు కుదురుకున్నాకే అంచులు తీసుకుంటాను.

అపోహ: గ్రాఫు గీస్తే కోరిన బొమ్మ చూపించే 2001 నాటి టప్పర్ సూత్రంలో అన్ని అక్షరాలూ దాగి ఉన్నాయి.

వాస్తవం: బొమ్మ ఉన్నది మనమిచ్చే భారీ సంఖ్యలో. సూత్రం దాన్ని 106 × 17 గళ్ళలో పరుస్తుంది, అంతే.

అపోహ: గుండ్రటి తెలుగు అక్షరాలకు ఈ పద్ధతి పనికిరాదు.

వాస్తవం: బెజియే ముక్కలతో కచ్చితమైన వృత్తం రాదు, నిజమే. కానీ రెండేసి లాగే బిందువులుండే నాలుగు ఘన బెజియే ముక్కలు సరిగ్గా అతికితే వ్యాసార్థంలో తేడా పదివేలలో మూడు వంతుల లోపే. కంటికి తెలియదు. ఆ పాప పేరులో సున్న ఉంది, దాని నాలుగు ముక్కలూ తనే కొట్టింది.