కొత్త క్యాన్సర్ సెంటర్ ఎప్పుడు తెరుస్తారు? నిర్మాణంపై అపోహలు – వాస్తవాలు

రేడియేషన్ చికిత్స గదికి గోడలు ఎంత మందం ఉండాలో లెక్క కట్టడం, మెషీన్ వచ్చాక అది ఇచ్చే డోసు సరిగ్గా ఉందో లేదో కొలవడం మెడికల్ ఫిజిసిస్టుల పని. అందుకే క్యాన్సర్ సెంటర్ కట్టే చోట సివిల్ ఇంజినీర్లతో పాటు మేమూ తిరుగుతుంటాం. చికిత్స కోసం ఎదురుచూసే కుటుంబాలు, చుట్టుపక్కల ఉండేవాళ్లు, ఒక్కోసారి ఆస్పత్రి యాజమాన్యం కూడా అక్కడ కొన్ని మాటలు మళ్లీ మళ్లీ అంటూ ఉంటారు. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతాను.

అపోహ: "80 శాతం పని అయిపోయింది" అంటే ఇంకో రెండు నెలల్లో తెరుస్తారు.

ఈ శాతాల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. సాధారణంగా అవి ఖర్చయిన డబ్బును బట్టో, పోసిన కాంక్రీటును బట్టో చెప్పే లెక్కలు. మిగిలిన 20 శాతంలో ఏముందో ఎవరూ చెప్పరు. ఆ పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సినవే. గదిలో ఏసీ, చల్లటి నీటి లైను, కరెంటు సిద్ధమై, దుమ్ము పూర్తిగా పోయిందని చూసుకున్నాకే కంపెనీ మెషీన్ పంపుతుంది. అది వచ్చాక బిగించాలి, పరీక్షించాలి, కొలతలు తీయాలి, అనుమతి తెచ్చుకోవాలి. మనుషుల్ని రెట్టింపు చేసినంత మాత్రాన ఈ వరుస సగానికి తగ్గదు.

అపోహ: నెలల తరబడి ఆ గోతిలో ఏ కదలికా లేదు, పని ఆపేశారు.

బయటి నుంచి చూస్తే నిజంగా అలాగే ఉంటుంది. పక్కనున్న ఓపీ బ్లాకు నాలుగు అంతస్తులు లేచిపోతుంది, బంకర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బంకర్ అంటే రేడియేషన్ మెషీన్ పెట్టే గది. దీని గోడలు కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటుతాయి. ఇంత మందం కాంక్రీటు ఒకేసారి పోస్తే సిమెంటు, నీరు కలిసినప్పుడు పుట్టే వేడి లోపలే ఉండిపోతుంది. మధ్యలో వేడి 70 డిగ్రీలు దాటకుండా, లోపలికీ పైకీ మధ్య తేడా దాదాపు 20 డిగ్రీలు మించకుండా చూస్తారు. లేకపోతే పగుళ్లు వస్తాయి. అందుకే సిమెంటు కొంత తగ్గించి ఫ్లైయాష్ (బొగ్గు కాలిన బూడిద) గానీ స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం పొడి) గానీ కలుపుతారు, కలిపే నీటిలో ఐసు వేస్తారు. పోసిన తర్వాత గోడను వెంటనే చల్లార్చరు, పైన కప్పి ఉంచి మెల్లగా చల్లారనిస్తారు. ఇది తెలియనివాళ్లకు గోడకు దుప్పటి కప్పి పోయినట్టు కనిపిస్తుంది.

అంతకుముందే ఇంకో పని నడుస్తుంది. కరెంటు, నీరు, గాలి, కొలత పరికరాల కేబుళ్లు, వీటన్నిటి పైపులూ కాంక్రీటు పోయకముందే కడ్డీల మధ్య అమర్చాలి. తర్వాత డ్రిల్లు పెట్టి బెజ్జం వేస్తామంటే కుదరదు. మెషీన్ నుంచి కిరణం నేరుగా తగిలే గోడలో అసలు పైపే ఉండకూడదు. మిగతా గోడల్లో కూడా తిన్నగా కాకుండా ఏటవాలుగానో, వంపు తిప్పో తీసుకెళ్లాలి. రేడియేషన్ తిన్నగా పోతుంది కాబట్టి తిన్నటి దారి ఇవ్వకూడదు. సెంట్రింగ్ చెక్కలు పట్టి ఉంచడానికి గోడకు అడ్డంగా వేసే గొట్టాల విషయంలోనూ ఇదే పట్టింపు. మామూలు కట్టడాల్లో అలవాటైన మేస్త్రీలకు మొదట్లో మా మీద విసుగే వస్తుంది, అందులో వాళ్ల తప్పేం లేదు.

కాంక్రీటు పోసే రోజు మధ్యలో ఆగకూడదు. ఆగితే పాత పొరకూ కొత్త పొరకూ మధ్య అతుకు పడుతుంది. మామూలు గోడకు అది తట్టుకోగలిగే లోపమే. బంకర్‌లో మాత్రం రేడియేషన్ లీకయ్యే దారి కావచ్చు.

అపోహ: రేడియేషన్‌ను ఆపేది సీసం. ఇంత కాంక్రీటు ఎందుకు? కాంట్రాక్టరు కోసమే!

ఎక్స్‌రే గదుల తలుపుల్లో రెండు మిల్లీమీటర్ల సీసం రేకు ఉంటుందని విన్నవాళ్లు ఇలా అనుకోవడం సహజం. కానీ ఎక్స్‌రే తీసే శక్తికీ, క్యాన్సర్‌కి వాడే లీనియర్ యాక్సిలరేటర్ శక్తికీ చాలా తేడా ఉంది. 6 మెగావోల్టుల కిరణాన్ని పదో వంతుకు తగ్గించాలంటే సుమారు 33 నుంచి 37 సెంటీమీటర్ల కాంక్రీటు కావాలి. అలాంటివి ఆరు పొరలు పేర్చితే రెండు మీటర్లు, అప్పుడు కిరణం పది లక్షల్లో ఒక వంతుకు పడిపోతుంది. గోడ మందం వెనకున్న లెక్క ఇంతే. వారానికి ఎంతమందికి చికిత్స చేస్తారు, గోడ అవతల ఎవరు ఎంతసేపు ఉంటారు అన్నదాన్ని బట్టి అది కాస్త మారుతుంది. అవతల రిసెప్షన్ ఉంటే ఒక మందం, మెట్లు ఉంటే ఇంకో మందం.

10 మెగావోల్టులు దాటితే న్యూట్రాన్లు అనే కణాలు కూడా పుడతాయి. సీసం వాటిని సరిగ్గా ఆపలేదు, పైగా ఆ శక్తిలో సీసం నుంచే కొన్ని న్యూట్రాన్లు వస్తాయి. కాంక్రీటులో మిగిలి ఉండే నీటిలోని హైడ్రోజన్ వాటిని నెమ్మదింపజేస్తుంది. తక్కువ చోటున్నప్పుడు ఉక్కు పలకలు గానీ, ఎక్కువ సాంద్రత ఉన్న కాంక్రీటు గానీ వాడటం ఉంది. ఎక్కడైనా ధర, బరువు, స్థలం చూసుకుని నిర్ణయిస్తారు.

అపోహ: పక్కన ఉండేవాళ్లకు రేడియేషన్ వస్తుంది, నేలా నీళ్లూ పాడవుతాయి.

ఈ భయాన్ని నవ్వి కొట్టిపారేసే ఇంజినీర్లు నాకు నచ్చరు. అడగడంలో తప్పులేదు. లీనియర్ యాక్సిలరేటర్ కరెంటుతో కిరణాన్ని పుట్టిస్తుంది. స్విచ్ ఆపితే కిరణం ఉండదు. నేలలో ఇంకిపోయేది గానీ, నీటిలో కలిసేది గానీ దాన్నుంచి ఏమీ రాదు. ఎక్కువ శక్తి వాడే మెషీన్లలో కొన్ని భాగాలు కాసేపు స్వల్పంగా రేడియోధార్మికంగా మారినా, ఆ రేడియేషన్ గది దాటి బయటకు రాదు, తొందరగా తగ్గిపోతుంది. ఇలాంటి చోట్ల నుంచి సామాన్య జనానికి అందే రేడియేషన్‌కు అంతర్జాతీయంగా పెట్టుకున్న పరిమితి సంవత్సరానికి 1 మిల్లీసీవర్ట్ (శరీరానికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). ప్రకృతి నుంచి మనందరికీ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్లు ఎలాగూ అందుతోంది. మెషీన్ ఆన్ చేశాక గోడల వెలుపల, కప్పు మీద మీటరు పట్టుకుని కొలిచి, లెక్కకు తగ్గట్టు ఉందో లేదో చూస్తాం.

రేడియోధార్మిక పదార్థం వాడే చోట్లు వేరు. కోబాల్ట్-60, బ్రాకీథెరపీలో (గడ్డ లోపలో, పక్కనో రేడియోధార్మిక పదార్థం ఉంచి చేసే చికిత్సలో) వాడే ఇరిడియం-192 ఎప్పుడూ రేడియేషన్ ఇస్తూనే ఉంటాయి, కాబట్టి వాటిని కవచంలో భద్రపరుస్తారు. థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 ఇచ్చే వార్డు మురుగు నీటిని నేరుగా కాలువలోకి వదలరు. దానికి ప్రత్యేకమైన ట్యాంకులు కడతారు. ఆ అయోడిన్ సగం కావడానికి 8 రోజులు పడుతుంది. 80 రోజులు నిల్వ ఉంచితే వెయ్యో వంతుకు తగ్గిపోతుంది. పైప్‌లైన్ పనులు చూసి "ఇంత పెద్ద ట్యాంకు ఎందుకు?" అని అడిగేవాళ్లకు జవాబు అదే.

అపోహ: బంకర్ తప్ప మిగతాదంతా మామూలు ఆస్పత్రి కట్టడమే.

గాలి పని ఒక్కటే చాలు ఇది నిజం కాదని చెప్పడానికి. ఎముక మజ్జ మార్పిడి గదిలో గాలి ఒత్తిడి బయటికంటే ఎక్కువ ఉండాలి, రోగికి ఇన్‌ఫెక్షన్ సోకకుండా. కీమో మందులు కలిపే గదిలో తక్కువ ఉండాలి, మందు కణాలు సిబ్బందికి చేరకుండా. అయోడిన్ వార్డులోనూ తక్కువే. ఒకే కారిడార్‌లో పక్కపక్కనే ఇలా ఒకదానికొకటి వ్యతిరేకమైన ఒత్తిళ్లు పట్టి ఉంచడం ఏసీ ఇంజినీర్లకు నిజమైన పరీక్ష. నడుస్తున్న ఆస్పత్రి పక్కనే కొత్త బ్లాకు కడుతుంటే ఇంకో ప్రమాదముంది. తవ్వకాల దుమ్ములో ఆస్పర్జిల్లస్ అనే ఫంగస్ ఉంటుంది. బ్లడ్ క్యాన్సర్ రోగులకు అది ప్రాణాంతకం కాగలదు. దుమ్ము అడ్డుకునే తెరలు, ఫిల్టర్లు కట్టి పని నెమ్మదిగా చేస్తున్నారంటే అది బద్ధకం కాదు.

అపోహ: మెషీన్ వచ్చేసింది, ఇక వచ్చే వారం నుంచే చికిత్స.

నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే మాట ఇదే. బిగించాక కంపెనీ చెప్పినట్టు పనిచేస్తోందో చూసే పరీక్షలుంటాయి. ఆ తర్వాత కమిషనింగ్ మొదలవుతుంది. పెద్ద నీళ్ల ట్యాంకులో చిన్న డిటెక్టర్‌ను అటూ ఇటూ కదిలిస్తూ కిరణం ఏ లోతులో ఎంత డోసు ఇస్తోందో, అంచుల్లో ఎలా తగ్గుతోందో ప్రతి సైజు కిరణానికీ కొలుస్తాం. ఆ కొలతలను చికిత్స ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, బొమ్మ శరీరాల మీద మొత్తం చికిత్స చేసి చూసి, అప్పుడే తృప్తి పడతాం. ఇది నెలల పని.

ఎందుకింత పట్టింపు? అమెరికాలోని ఒక ఆస్పత్రిలో చిన్న కిరణాల కొలతకు, ఉండాల్సిన దానికంటే పెద్ద డిటెక్టర్ వాడారు. 2004 నుంచి 2009 వరకు 76 మందికి దాదాపు సగం ఎక్కువ డోసు పడింది. మెషీన్‌లో ఏ లోపమూ లేదు, తొలి కొలతలోనే ఉంది. ఇలాంటివి దొరకడానికే డోసును బయటివాళ్లు కూడా తనిఖీ చేసే ఏర్పాటు ఉంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పోస్టులో డిటెక్టర్లు పంపి డోసు సరిచూసే పని 1969 నుంచీ నడుపుతున్నాయి. "మెషీన్ వచ్చిందా?" అని కాకుండా "బయటి తనిఖీ అయిందా, నడిపే అనుమతి వచ్చిందా?" అని అడగండి.

ప్రోటాన్ లేదా కార్బన్ కిరణాల సెంటరైతే ఈ సమయం ఇంకా పెరుగుతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ సెంటర్ 2009లో తెరిచింది, కానీ అక్కడి 670 టన్నుల గాంట్రీ (రోగి చుట్టూ కిరణాన్ని తిప్పే పెద్ద చట్రం) మీద మొదటి రోగికి చికిత్స జరిగింది 2012లో. ఆ మూడేళ్లూ మిగతా గదుల్లో చికిత్స సాగుతూనే ఉంది. గదులు విడివిడిగా మొదలవడం పెద్ద సెంటర్లలో మామూలే.

అపోహ: కొత్తది తెరిచే దాకా ఆగుదాం, చికిత్స బాగుంటుంది.

దయచేసి ఇది చేయకండి. తెరిచే తేదీ వాయిదా పడటం ఎంత మామూలో పైన చూశారు. క్యాన్సర్ వాయిదా పడదు. పాత మెషీన్ మీద సరైన ప్లాన్‌తో ఇప్పుడే మొదలుపెట్టిన చికిత్స, ఆరు నెలల తర్వాత కొత్త మెషీన్ మీద దొరికేదానికంటే చాలామందికి మేలు. చాలా క్యాన్సర్లకు ఇప్పటికీ ప్రధాన ఆయుధం మామూలు లీనియర్ యాక్సిలరేటరే. ప్రోటాన్ ప్రయోజనం పిల్లల క్యాన్సర్లు, వెన్నెముకకు, కంటికి దగ్గరి గడ్డలు వంటి కొన్నిచోట్ల స్పష్టంగా ఉంటుంది. అది మీ కేసుకు వర్తిస్తుందా అన్నది డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న.

మధ్యలో మానేసి కొత్త సెంటర్‌కు మారడం కూడా అంత తేలిక కాదు. మళ్లీ స్కాన్, మళ్లీ ప్లాన్, మధ్యలో కొన్ని రోజులు ఖాళీ. తల, మెడ క్యాన్సర్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో చికిత్స అనుకున్న దానికంటే ఒక్కో రోజు ఎక్కువ సాగేకొద్దీ గడ్డ అదుపులోకి వచ్చే అవకాశం దాదాపు 1 శాతం చొప్పున తగ్గుతుంది. కాబట్టి మారాలనుకుంటే కోర్సు మొదలయ్యే ముందే డాక్టర్‌తో మాట్లాడండి.