సంత నుంచి వచ్చిన నాలుగో రోజు దగ్గు

సంతలో కొన్న మేక వారం తిరక్కుండానే దగ్గడం మొదలెడితే మా శ్రీకాకుళం పల్లెల్లో మొదట వచ్చే మాట, అమ్మినవాడు మోసం చేశాడని. అతన్ని వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు గానీ, చాలాసార్లు ఆ మేక సంతలో నిజంగానే బాగుంటుంది. జబ్బు చేసే బాక్టీరియా మాత్రం అప్పటికే దాని గొంతులో ఉంటుంది.

దాని పేరు మాన్‌హీమియా హీమోలిటికా. పేరు మర్చిపోయినా నష్టం లేదు. ఆరోగ్యంగా ఉన్న గొర్రెలు, మేకల ముక్కుల్లో, టాన్సిల్స్‌లో ఇది మామూలుగానే కాపురం ఉంటుంది. కాస్త లోపలికి జారినా శ్వాసనాళంలోని సన్నటి నూగు దాన్ని జిగటతో సహా పైకి తోసేస్తుంది, తప్పించుకున్నదాన్ని తెల్ల రక్తకణాలు మింగేస్తాయి. అదే మేకని పొద్దుట్నుంచీ నీళ్లివ్వకుండా సంతలో కట్టేసి, సాయంత్రం ఆటోలో కుక్కి, ఊళ్లో దింపేసరికి వాన కూడా పట్టుకుందనుకోండి, ఆ కాపలా సడలిపోతుంది. బాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగి ఒక విషాన్ని వదులుతుంది, ఆ విషం చంపేది తనని మింగడానికి వచ్చిన కణాల్నే! అవి పగిలి కారే రసాలతో ఊపిరితిత్తి ఇంకా పాడవుతుంది. చచ్చిన జీవాన్ని కోసి చూస్తే ఊపిరితిత్తి కార్జంలా ఎర్రగా గట్టిపడి ఉంటుంది. మామూలు ఊపిరితిత్తి ముక్క నీళ్లలో తేలుతుంది, ఇది మునిగిపోతుంది.

పిల్లలైతే ఒక్కోసారి దగ్గకుండానే పోతాయి. అందుకే థర్మామీటరు కొనుక్కోమంటాను. మేకకి 102, 103 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలే, 104 దాటి మేత మానేస్తే ఆ రోజే డాక్టర్ని పిలవాలి.

వాన పడకుండా సాలకి నాలుగు పక్కలా బరకం కట్టేస్తారే, దానితో ఇంకో తంటా. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా లోపలే ఉండిపోయి ఆ నూగుని దెబ్బతీస్తుంది. తెల్లవారుజామున వెళ్లి, మేక ముక్కు ఎత్తుకి కూర్చుని చూడండి. కళ్లు మండితే పైన గాలి వదలాలి.

ముక్కు, కళ్లు కారడంతో పాటు నోట్లో పుళ్లు, పారుడు కూడా ఉంటే అది పీపీఆర్ అనే వైరస్ జబ్బు, ఆ వైరస్ తట్టు వైరస్‌కి చుట్టం. మన దేశంలో 1987లో తమిళనాడులో మొదట బయటపడింది. దీనికి మంచి టీకా ఉంది, ఒక్క డోసు కనీసం 3 ఏళ్లు కాస్తుంది. వేయించకపోవడానికి నాకైతే ఏ కారణమూ కనిపించదు.

ఇక మన చేతులారా తెచ్చే దగ్గు ఒకటుంది. మా పెదనాన్న ఓసారి మేకపోతు తల ఆకాశానికెత్తి పట్టుకుని నట్టల మందు గబగబా పోసేశాడు. మూడో రోజుకి అది పోయింది. మందు నకిలీదని షాపు మీదికి గొడవకెళ్లాడు. మందు మంచిదే, పొట్టలోకి వెళ్లాల్సింది ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందంతే. మూతి కంటి ఎత్తు దాటకూడదు, పెదవి మూల నుంచి కొంచెం కొంచెంగా పోయాలి, దగ్గితే వెంటనే తల వదిలేయాలి.