అర్ధరాత్రి పిలిచి చెప్పిన మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

పత్రికా సంపాదకుడికి రాయబారి పని ఎలా అబ్బుతుందని మీరు అడిగారు. కె.ఎం. పణిక్కర్ సంగతి చెబితే తేలికగా అర్థమవుతుంది. ఆయన 1895లో తిరువాన్కూరు సంస్థానంలోని కావలంలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి, అలీగఢ్‌లో పాఠాలు చెప్పి, పత్రికల్లోకి వచ్చారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసులో నడిపిన 'స్వరాజ్య'లో పనిచేశారు. 1924లో ఢిల్లీలో పుట్టిన 'హిందుస్థాన్ టైమ్స్'కు మొదటి సంపాదకుడు ఆయనే. ఆ తరువాత పటియాలా, బికనీర్ సంస్థానాల కొలువు. 1944 నుంచి బికనీర్‌కు ప్రధాని. చాలామంది రాజులు ఎటూ తేల్చుకోలేక నాన్చుతున్న 1947 ఏప్రిల్‌లోనే బికనీర్ తరఫున రాజ్యాంగ సభలో కూర్చున్నారు.

1948లో ఆయన్ను చైనాకు పంపారు. అప్పుడు అక్కడ చాంగ్ కై షేక్ ప్రభుత్వం, రాజధాని నాన్కింగ్. మరుసటి ఏడాది అంతర్యుద్ధంలో కమ్యూనిస్టులు గెలిచారు. 1949 డిసెంబరు 30న భారత్ కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. 1950లో పణిక్కర్ పెకింగ్ (నేటి బీజింగ్) వెళ్లి, మళ్లీ నియామక పత్రాలు సమర్పించి, రెండో చైనాకూ రాయబారి అయ్యారు. అమెరికా మాత్రం ఆ ప్రభుత్వాన్ని గుర్తించలేదు. పెకింగ్‌లో దానికి రాయబార కార్యాలయం లేదు. కాబట్టి చైనా అమెరికాతో ఏదైనా చెప్పాలంటే మూడో మనిషి కావాలి. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది.

అట్లాసు తెరిచి కొరియాలో 38వ అక్షాంశం చూడండి. 1950 జూన్‌లో ఉత్తర కొరియా సేనలు ఆ గీత దాటి దక్షిణానికి వచ్చాయి. సెప్టెంబరు ఆఖరుకి అమెరికా నాయకత్వంలోని సేనలు వాళ్లను వెనక్కి తరిమి గీత దగ్గరకు చేరాయి. ఇక పైకి వెళ్తారా, ఆగుతారా?

అక్టోబరు 2 అర్ధరాత్రి పణిక్కర్‌ను నిద్ర లేపారు. చైనా విదేశాంగ శాఖ అధికారి ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. ప్రధాని చౌ ఎన్ లై వెంటనే రమ్మన్నారట. పన్నెండున్నరకు వెళ్లారు. అమెరికన్లు 38వ అక్షాంశం దాటితే చైనా జోక్యం చేసుకుంటుందని చౌ చెప్పారు. అక్కడ పణిక్కర్ ఒక ప్రశ్న వేశారు: దక్షిణ కొరియా వాళ్లు మాత్రమే దాటితే? వాళ్ల సంగతి వేరు, అమెరికన్లు వస్తే మాత్రం ప్రతిఘటిస్తాం అన్నది జవాబు.

ఆ ప్రశ్నలో నాకు సంపాదకుడు కనిపిస్తాడు. "దాటితే" అన్న మాటకు కర్త ఎవరో తెలియకపోతే కబురు సగమే. దక్షిణ కొరియా సేనలు అప్పటికే గీత దాటడం మొదలుపెట్టాయి కూడా. హెచ్చరిక ఎవరికో, దేనికో విడమరిచి రాబట్టకుండా ఉంటే ఢిల్లీకి చేరే టెలిగ్రామ్ ఎవరికి తోచిన అర్థం వారు తీసుకునేలా ఉండేది. ఒకటిన్నరకు ఇంటికి చేరేసరికి సిబ్బంది సిద్ధంగా ఉన్నారు. మాటల సారం వెంటనే సంకేత లిపిలో ఢిల్లీకి వెళ్లింది. అక్కడి నుంచి లండన్‌కు, వాషింగ్టన్‌కు.

వాషింగ్టన్ నమ్మలేదు. బెదిరింపు అనుకున్నారు. పణిక్కర్ కమ్యూనిస్టుల వైపు మొగ్గే మనిషని అధ్యక్షుడు ట్రూమన్ భావించారు. దానికితోడు చైనా యుద్ధంలోకి దిగకపోవచ్చని అంతకుముందు పణిక్కరే అంచనా వేశారు. సెప్టెంబరు చివరలో చైనా సేనాని ఒకరు తాము చేతులు ముడుచుకుని కూర్చోమని చెప్పాక ఆయన అభిప్రాయం మారింది. నిన్న ఒకటి, నేడు మరొకటి చెప్పిన మనిషి మాటకు విలువ తగ్గుతుంది, రెండో మాట నిజమైనా సరే. అమెరికా సేనలు గీత దాటాయి. అక్టోబరు 19న చైనా సైన్యం, చైనా కొరియాల సరిహద్దులోని యాలూ నది దాటింది. 1951 జనవరిలో దక్షిణ కొరియా రాజధాని సియోల్ మళ్లీ చేజారి చైనా, ఉత్తర కొరియా సేనలకు చిక్కింది. యుద్ధం 1953 జులై దాకా సాగింది.

అలాగని ఆయన చూపు ఎప్పుడూ సరైనదే అనను. అదే 1950 అక్టోబరులో చైనా సైన్యం టిబెట్‌లోకి వచ్చింది. నవంబరు 7న సర్దార్ పటేల్ నెహ్రూకు రాసిన ఉత్తరంలో, మన రాయబారి చైనా చేసినవాటికి సమర్థనలు వెతుకుతున్నారని తప్పుపట్టారు. ఆ విమర్శలో బలముంది. ఆసియాపై యూరప్ పెత్తనం ముగిసిందన్నది చరిత్రకారుడిగా పణిక్కర్‌కు ఎంతో ఇష్టమైన ఆలోచన. 1953లో దానిమీద పెద్ద పుస్తకమే వేశారు. ఆ ఇష్టం కొత్త చైనాను కొంచెం మెత్తగా చూసేలా చేసిందని నా అభిప్రాయం.

మన ఇంటి గడప దాకా వచ్చిన ఆయన పని ఇంకొకటుంది. 1953 చివర వేసిన రాష్ట్రాల పునర్విభజన సంఘంలో ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూలతో పాటు పణిక్కర్ మూడో సభ్యుడు. తెలంగాణను అప్పటికి హైదరాబాదు రాష్ట్రంగానే ఉంచాలని, 1961 ప్రాంతంలో జరగబోయే ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చని 1955లో వాళ్లు రాశారు. అంతదాకా ఆగకుండా 1956 నవంబరు 1న కలిపారు. అదే నివేదికలో పణిక్కర్ ఒక్కరే విడిగా రాసిన నోటు ఉంటుంది. జనాభా ఆరు కోట్లు దాటిన ఉత్తరప్రదేశ్ ఒక్క రాష్ట్రంగా ఉంటే సమాఖ్యలో తూకం చెడుతుందని, ఆగ్రా పేరుతో ఇంకో రాష్ట్రం చేయాలని వాదించారు. హైదరాబాదు అధ్యాయం చదివాక ఆ నోటు కూడా తిరగేయండి.

మీ తాతయ్య