ఆకులు రాలే కాలంలో పూసే సీడమ్

చిరంజీవులు బుజ్జి, చింటూలకు తాతయ్య ఆశీస్సులు.

ఆగస్టు దాటేసరికి మీ న్యూజెర్సీ పెరట్లో పూలన్నీ అయిపోతున్నాయని, చలికాలం దాకా రంగు నిలిచే మొక్క చెప్పమని అడిగారు కదా. 'ఆటమ్ జాయ్' అనే సీడమ్ వేయండి. జర్మనీలోని గేఓర్గ్ ఆరెండ్స్ నర్సరీ నుంచి 1955లో వచ్చిన రకం. రెండడుగుల ఎత్తు పెరుగుతుంది. వేసవిలో దాని మొగ్గల గుత్తి అచ్చం బ్రకోలీలా ఉంటుంది. ఆగస్టు చివర్లో గులాబీ రంగులో విచ్చుకుని, అక్టోబరుకి ఇటుక ఎరుపుకి తిరుగుతుంది. వేరే పూలు తగ్గిపోయే ఆ రోజుల్లో తేనెటీగలన్నీ దాని మీదే వాలుతాయి.

మన ఇంట్లో రణపాల చూశారుగా, ఆకు నేల మీద పడితే అంచుల్లోంచి పిల్లమొక్కలు మొలుస్తాయి. సీడమ్‌దీ ఆ కుటుంబమే. రణపాల పగటి ఎండకు నీరు పోకుండా ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీలుస్తుంది. ఆ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆకు పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఆ పులుపు పోతుంది. ఈ సంగతి 1815లో అచ్చులో చెప్పిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ అంతకుముందు మన సామర్లకోట తోటలో పనిచేసినవాడే! నాకది ఎంతో గర్వంగా ఉంటుంది. నీటి ఎద్దడి వస్తే సీడమ్ కూడా కొంతవరకు ఇదే పద్ధతి పడుతుంది.

అయితే రణపాల మంచుకి కుళ్లిపోతుంది. ఆటమ్ జాయ్ సున్నాకి 30 డిగ్రీల దిగువ చలినీ ఓర్చుకుంటుంది. పైన కాడలు ఎండినా, నేల దగ్గర చిన్న మొగ్గలు బతికే ఉంటాయి. దాన్ని చంపేది చలికాలంలో మొక్క మొదలు దగ్గర నిలిచే నీళ్లు. కాబట్టి బంకమట్టి అయితే కాస్త మెరక చేసి, గులకరాళ్లు కలిపి నాటండి. కనీసం ఆరు గంటల ఎండ పడాలి. వేళ్లూనుకున్నాక రోజూ నీళ్లు పోయకండి. ఎరువు అసలొద్దు, బలం ఎక్కువైతే కాడలు మెత్తబడి పూల బరువుకి పడిపోతాయి.

మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులప్పుడు కాడల్ని సగానికి కత్తిరిస్తే, పూత కొంచెం ఆలస్యమైనా మొక్క గుబురుగా నిలబడుతుంది. ఆ ముక్కల్ని పారేయకుండా తడి ఇసుకలో గుచ్చండి, వేళ్లు వస్తాయి. పక్కింటి పిల్లలకీ ఇవ్వచ్చు. ఎండిన పూలగుత్తుల్ని మార్చి దాకా అలాగే ఉంచమని మీ అమ్మకి చెప్పండి. మంచు పడినప్పుడు అవీ బావుంటాయి.

మీ తాతయ్య