ఒకే రోజు పుట్టిన రెండు వ్యవస్థలు: ఇంగ్లండ్‌లో వైద్యం, సామాజిక సంరక్షణ ఎందుకు కలవడం లేదు?

ఇంగ్లండ్‌లో తుంటి విరిగిన పెద్దావిడకు ఆపరేషన్ ఉచితం. ఇంటికి చేరాక ఆమెకు స్నానం చేయించి, మందులు వేయించే మనిషిని దీర్ఘకాలం పంపాలంటే మాత్రం స్థానిక కౌన్సిల్ ముందు ఆమె ఆదాయం, ఆస్తి లెక్కగడుతుంది. ఈ రెండు వైపుల రికార్డులు కలవకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌దే అనిపిస్తుంది గానీ, ఈ చీలిక సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చింది కాదు. 1948 జులై 5న ఉచిత వైద్యం అందించే జాతీయ ఆరోగ్య సేవ, ఎన్‌హెచ్‌ఎస్, మొదలైంది. వృద్ధులు, దివ్యాంగుల సంరక్షణను కౌన్సిళ్లకు అప్పగించిన జాతీయ సహాయ చట్టం కూడా ఆ రోజే అమల్లోకి వచ్చింది. 1974లో జిల్లా నర్సులు సైతం కౌన్సిళ్ల నుంచి ఎన్‌హెచ్‌ఎస్‌కు మారడంతో దూరం ఇంకా పెరిగింది. ఉత్తర ఐర్లండ్ మాత్రం 1973లోనే రెండింటినీ ఒకే బోర్డుల కిందకు తెచ్చింది.

కంప్యూటర్లు వచ్చాక ఎవరికి వారు కొనుక్కున్నారు. 2002లో మొదలైన జాతీయ ఐటీ కార్యక్రమం ప్రధానంగా ఆసుపత్రులు, జీపీల (కుటుంబ వైద్యుల) చుట్టూనే తిరిగింది. దాన్ని రద్దు చేస్తున్నట్టు 2011లో ప్రభుత్వం ప్రకటించింది.

అసలు చిక్కు మనిషిని గుర్తుపట్టడంలోనే మొదలవుతుంది. రెండు వైపుల రికార్డులను పేరు, పుట్టిన తేదీతో జత చేయబోతే పెళ్లితో మారిన ఇంటిపేర్లు, స్పెల్లింగ్ తేడాలు అడ్డొస్తాయి. అందుకే పది అంకెల ఎన్‌హెచ్‌ఎస్ నంబరు కీలకం. మొదటి తొమ్మిది అంకెలను వరసగా 10 నుంచి 2 వరకు గుణించి, కూడి, 11తో భాగిస్తారు. శేషాన్ని 11లోంచి తీసేస్తే వచ్చేదే చివరి అంకె. 11 వస్తే సున్నా వేస్తారు, 10 వస్తే ఆ నంబరునే వాడరు. ఒక్క అంకె తప్పు కొట్టినా వెంటనే దొరికిపోతుంది. సంరక్షణ రికార్డుల్లో కూడా ఈ నంబరే వాడాలని, చికిత్సకు అవసరమైన సమాచారం పంచుకోవాలని 2015 చట్టం చెప్పింది. గోప్యత భయంతో ఫైళ్లు బిగబట్టుకునే అలవాటును అప్పటికే రోగుల సమాచార గోప్యతపై జరిగిన 2013 కాల్డికాట్ సమీక్ష ప్రశ్నించింది. సమాచారాన్ని కాపాడటం ఎంత ముఖ్యమో, పంచుకోవడమూ అంతే ముఖ్యం కావచ్చన్నది అది చేర్చిన ఏడో సూత్రం.

నంబరు కలిసినా పని పూర్తవదు. వార్ఫరిన్ ఆపి అపిక్సబాన్ మొదలుపెట్టిన రోగిని తీసుకోండి. డిశ్చార్జి పత్రం జీపీకి ఎలక్ట్రానిక్‌గా వెళ్తుంది. కేర్ హోమ్‌కు మాత్రం తరచూ కాగితమే వస్తుంది. సిబ్బంది కొత్త మందును చార్టులో చేత్తో ఎక్కించి పాతదాన్ని కొట్టేయడం మరిచిపోతే, రక్తాన్ని పలచబరిచే మందులు రెండూ పడతాయి. రక్తస్రావంతో ఆ మనిషి మళ్లీ అదే ఆసుపత్రికి వస్తారు. కాబట్టి ఆపేసిన మందులు, ఎందుకు ఆపారన్న కారణంతో సహా, విడి గడిలో కోడ్‌గా రావాలి. ఆరోగ్య సమాచార మార్పిడికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణం ఆ గడిని ఒక వ్యవస్థ నుంచి మరోదానికి మోయగలదు. గడి ఖాళీగా వస్తే అది మాత్రం ఏం చేస్తుంది?

2022లో ప్రాంతాలవారీగా ఎన్‌హెచ్‌ఎస్‌ను, కౌన్సిళ్లను ఒకచోట కూర్చోబెట్టే 42 సమీకృత సంరక్షణ వ్యవస్థలకు చట్టబద్ధత వచ్చింది, ఉమ్మడి రికార్డులు విస్తరించాయి. 2024 మార్చి నాటికి 80 శాతం సంరక్షణ సంస్థలు డిజిటల్ రికార్డులకు మారాలని 2021 శ్వేతపత్రం లక్ష్యం పెట్టింది. కానీ ఉమ్మడి రికార్డుల్లో చాలావరకు చూడటానికే గానీ రాయడానికి వీలుండదు. మొదట చెప్పుకున్న పెద్దావిడ బరువు తగ్గుతోందని, రాత్రుళ్లు తూలుతోందని ముందు పసిగట్టేది రోజూ ఇంటికొచ్చే సహాయకురాలే. ఆ సహాయకురాలు ఫోన్‌లో రాసుకున్న ఆ రెండు ముక్కలు జీపీ తెర మీదకు చేరే దారి చాలాచోట్ల ఇంకా లేదు.