నెమ్మది తూటా, నొప్పిపడే దుప్పి

జనవరి తెల్లవారుజామున లంబసింగిలో చలి 3 డిగ్రీలకు దిగినప్పుడు గాలిలో శబ్దం సెకనుకు సుమారు 333 మీటర్లు ప్రయాణిస్తుంది. మే నెల మధ్యాహ్నం విశాఖ బీచ్ రోడ్డులో 35 డిగ్రీల ఎండ కాస్తుంటే అదే శబ్దం 352 మీటర్లు వెళ్తుంది. గాలి వేడెక్కేకొద్దీ అందులోని అణువులు చురుగ్గా కదులుతాయి, కంపనం ఒకదాని నుంచి మరొకదానికి త్వరగా చేరుతుంది. మన ఉక్కపోత కూడా ఆ వేగాన్ని కాస్త పెంచుతుంది, ఎందుకంటే తేమ గాలి పొడి గాలి కంటే తేలిక. ఇప్పుడు సెకనుకు 340 మీటర్లు వెళ్లే తూటాను ఊహించుకోండి. విశాఖ ఎండలో అది శబ్దం కంటే వెనకబడుతుంది. లంబసింగి చలిలో శబ్దాన్ని దాటేసి ఫట్‌మని పేలినట్టు మోగుతుంది.

మన దగ్గర ఇది ఊహ వరకే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కంబాలకొండలో తిరిగే చుక్కల దుప్పిని వేటాడటం నేరం. అలాగే ఉండాలని నా కోరిక కూడా. కానీ అమెరికా, బ్రిటన్, నార్వేల్లో లైసెన్సుతో దుప్పుల వేట చట్టబద్ధం, రైఫిల్‌కు సైలెన్సర్ పెట్టుకునేవాళ్లూ చాలామంది. అలాంటి రైఫిల్‌లో ఏ తూటా వేయాలన్నది చూడటానికి వేటగాళ్ల గొడవలా ఉంటుంది. నిజానికి ఆ జంతువు ఎంత సేపు బాధపడుతుందో తేల్చేది ఆ ఎంపికే.

తుపాకీ చప్పుడు ఒకటి కాదు, రెండు. మొదటిది గొట్టం మూతి దగ్గర పుడుతుంది. మందు మండి పుట్టిన వాయువులు విపరీతమైన ఒత్తిడితో ఒక్కసారిగా బయటి గాలిని గుద్దుతాయి. సైలెన్సర్ పనిచేసేది దీని మీదే. లోపల వరసగా ఉన్న అరల్లో ఆ వాయువులు వ్యాపించి, చల్లబడి, నెమ్మదిగా బయటికొస్తాయి. హైరమ్ పెర్సీ మాగ్జిమ్ అనే అమెరికన్ 1909లో దీనికి పేటెంట్ పొందాడు. మెషిన్‌గన్ కనిపెట్టిన మాగ్జిమ్ కొడుకే ఆయన. పెద్ద రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ పైమాటే. మంచి సైలెన్సర్ అందులో 25, 30 తగ్గిస్తుంది. 20 డెసిబెల్స్ తగ్గితేనే చెవి మీద పడే ఒత్తిడి పదో వంతు అవుతుంది కాబట్టి ఇది చిన్న లాభం కాదు. అయినా సినిమాల్లో వినిపించే 'టుప్' శబ్దం రాదు. మన దీపావళి టపాసులకు 4 మీటర్ల దూరంలో 145 డెసిబెల్స్ పీక్ దాటకూడదని నిబంధన ఉంది. సైలెన్సర్ పెట్టిన రైఫిల్ కాల్చేవాడి చెవి దగ్గర చేసే చప్పుడు దానికి మరీ దూరంలో ఏమీ ఉండదు.

రెండో చప్పుడు తూటాది. ఫిషింగ్ హార్బర్ నుంచి వేగంగా వెళ్లే పడవ వెనక నీళ్లు రెండుగా చీలినట్టు, శబ్దాన్ని మించిన తూటా దారి పొడవునా గాలిలో శంకువు ఆకారపు అల లేస్తుంది. దాన్ని సైలెన్సర్ ఏమీ చేయలేదు.

అందుకే కొందరికి సబ్‌సోనిక్ తూటాల మీద, అంటే శబ్దం కంటే నెమ్మదిగా వెళ్లే తూటాల మీద మోజు. చలిలోనూ శబ్దాన్ని దాటకుండా ఉండాలని వాటి వేగాన్ని సెకనుకు 300 నుంచి 320 మీటర్ల మధ్య ఉంచుతారు. లెక్క తప్పేది ఇక్కడే. 308 విన్‌చెస్టర్ రైఫిల్‌లో 9.7 గ్రాముల తూటా సెకనుకు 860 మీటర్లతో బయటికొస్తుంది, శక్తి దాదాపు 3,600 జౌళ్లు. 300 బ్లాకౌట్ అనే మరో రకం రైఫిల్‌లో సబ్‌సోనిక్ తూటా బరువు 14.3 గ్రాములు, వేగం 308 మీటర్లు, శక్తి 680 జౌళ్లే. బరువు ఒకటిన్నర రెట్లయినా శక్తి ఐదో వంతుకు దిగిపోయింది, ఎందుకంటే శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లండ్‌లో పెద్ద జాతుల దుప్పుల వేటకు రైఫిల్ మూతి దగ్గర కనీసం 2,305 జౌళ్లు ఉండి తీరాలని చట్టం. ఆ అంకె పెట్టినవాళ్లు దుప్పి పక్షాన ఆలోచించారని నేను నమ్ముతాను.

శక్తి కంటే పెద్ద చిక్కు తూటా విచ్చుకోవడం. మామూలు వేట తూటా ఒంట్లోకి దిగగానే ముందు భాగం పుట్టగొడుగులా విప్పారాలి. అప్పుడే ఊపిరితిత్తులు వెంటనే దెబ్బతిని జంతువు క్షణాల్లో పడిపోతుంది. చాలా తూటాలు వేగంగా తగిలితేనే అలా విప్పారేలా తయారవుతాయి. అదే తూటాను సబ్‌సోనిక్‌గా కాలిస్తే సన్నని రంధ్రం చేసుకుంటూ అటువైపు వెళ్లిపోతుంది. దుప్పి పరుగెత్తుతుంది, పొదల్లో ఎక్కడో గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. తక్కువ వేగంలోనూ విచ్చుకునే ప్రత్యేక తూటాలు ఉన్నమాట నిజమే. కానీ అవి బాగా దగ్గరి దూరాలకే.

దూరం అంచనా తప్పితే మరో ప్రమాదం. 100 మీటర్లకు సరిచేసిన రైఫిల్‌తో 120 మీటర్ల దూరంలోని దుప్పిని కాల్చారనుకోండి. వేగం తూటా ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. సబ్‌సోనిక్ తూటా పది సెంటీమీటర్లకు పైగా దిగిపోతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు సుమారు 20 సెంటీమీటర్లు. మధ్యకు గురిపెట్టినా ఆ పది సెంటీమీటర్లతో తూటా ఆ చోటు దాటిపోతుంది.

కాబట్టి సైలెన్సర్ ఉన్నా మామూలు వేగం తూటానే సరైనదని నా గట్టి అభిప్రాయం. చెవుల మీద పడే ఒత్తిడి సైలెన్సర్‌తో ఎలాగూ తగ్గుతుంది. పైగా తూటా చీల్చే చప్పుడు గొట్టం వైపు నుంచి కాక అది వెళ్లిన దారి నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కాల్చినవాడు ఎక్కడున్నాడో మందలోని మిగతా దుప్పులు వెంటనే పసిగట్టలేవు.

తూటా లోహం సంగతి కూడా ఉంది. సీసం తూటా ముక్కలై మాంసంలో మిగులుతుంది, వదిలేసిన పేగులు తిన్న రాబందుల ఒంట్లోకీ చేరుతుంది. అందుకే కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలు నిషిద్ధం. రాగి తూటా వాడొచ్చు. అయితే రాగి గట్టిది, విచ్చుకోవడానికి ఇంకాస్త వేగం కావాలి. తూటాల అట్టపెట్టె మీద రాసిన మూతి వేగం చూసి సరిపెట్టుకోకూడదు. ఆ తూటా విచ్చుకోవడానికి కావలసిన కనీస వేగం ఎంతో తెలుసుకుని, దుప్పి నిలబడిన దూరంలో అంత వేగం మిగులుతుందో లేదో చూడాలి. సైలెన్సర్ బిగిస్తే తూటా తగిలే చోటు కాస్త మారుతుంది. దాన్ని బిగించాకే అదే తూటాతో గురి మళ్లీ సరిచేసుకోవాలి.